చెట్టుకు రంపం – రైతుకు కోత

తెలుగులో "రంపపు కోత" అనే మాట ఒకటి వున్నది. అత్తగారి సాధింపులకూ, అప్పులవాళ్ళ వేధింపులకూ ఆ మాట వాడుతూ వుంటాం. దానిని పుట్టించినవాడెవడో గాని, దుంగ కోస్తుండగా దగ్గర నిలబడి చూసినవాడే అయివుండాలి. గొడ్డలి వేటు ఒక్కసారి పడి వూరుకుంటుంది. రంపం అలా కాదు. వెళుతూ, వస్తూ, కొంచెం కొంచెంగా తింటుంది. ఎంత తిన్నదో చూసేవాడికి తెలియదు. పని అయిపోయిన తరువాత కింద పోగుపడిన పొట్టును చూస్తే తెలుస్తుంది.

ఇల్లు కట్టుకున్న వారెవరికైనా సింహద్వారం ధర విన్న రోజు బాగా జ్ఞాపకం వుంటుంది. టేకు తలుపులకూ, ద్వారబంధాలకూ చెల్లించిన డబ్బు తలచుకుని, ఇదంతా చెట్టు పెంచిన పుణ్యాత్ముడికి ముడుతున్నది కాబోలు అనుకుంటాం. ముట్టదు. చెట్టుకూ తలుపుకూ మధ్య ఒక రంపం వున్నది. ఆ రంపం ఎవరి చేతిలో వుంటే ఆదాయంలో పెద్దపాలు వారిది. చెట్టుకు ఇరవై, ముప్పై ఏళ్ళు కాపలా కాసిన రైతుకు మాత్రం ఆ రంపం సంగతి తెలియదు.

ఇందులో రైతు తప్పేమీ లేదు. వరి పండించినవాడికి బియ్యం ధర తెలుస్తుంది. ఏటా అమ్ముతాడు కనుక. చెట్టు అలా కాదు. జన్మలో ఒకసారి నాటి, ఒకసారి అమ్మే పంట. కొనే వర్తకుడు మాత్రం ఈ బేరం రోజూ ఆడుతూ వుంటాడు.

గుత్త బేరం

1990 తరువాత మన రాష్ట్రంలో టేకు మొక్కల మోజు ఒకటి వచ్చింది. ఎకరానికి లక్షలు వస్తాయని కంపెనీల వాళ్ళు పత్రికల్లో ప్రకటనలు గుప్పించారు. ఆ కంపెనీలు చాలావరకు మునిగిపోయాయి. పొలం గట్ల మీద రైతులు సొంతంగా నాటుకున్న మొక్కలు మాత్రం నిలిచాయి. అవి ఇప్పుడు కోతకు వచ్చాయి.

జంగారెడ్డిగూడెం మెట్టలో మా పెద్దన్నయ్య (మా పెదనాన్నగారి కుమారుడు) 1996లో అలా గట్ల వెంబడి నాటినవాటిలో 42 టేకు చెట్లు నిలిచాయి. ఆ మధ్య ఒక వర్తకుడు వచ్చి, తోటంతా ఒకసారి తిరిగి, "అన్నీ కలిపి ఇంత" అని గుత్తంగా ఒక మొత్తం చెప్పి వెళ్ళాడు. అన్నయ్యకు ఆ మొత్తం బాగానే వున్నట్టు తోచింది. మా వదినకు తోచలేదు. ఆ ఏడాదే వాళ్ళమ్మాయి రాజమహేంద్రవరంలో ఇల్లు మొదలుపెట్టింది. "మన చెట్లు మనమే అమ్మి, మన పిల్ల ఇంటికి తలుపులు బజార్లో కొనుక్కోవడమేమిటండీ?" అన్నది వదిన. ఆ ప్రశ్నకు అన్నయ్య దగ్గర జవాబు లేక నాకు ఫోను చేశాడు. "ఏమయ్యా మాస్టారూ, సమాసాలు విడగొడతావు గదా, ఈ దుంగల లెక్క కూడ విడగొట్టి చెప్పు" అన్నాడు.

నేను తెలుగు చెప్పుకునేవాణ్ణే గాని కలప వర్తకుణ్ణి కాను. అయినా ఆ పని మీద నాలుగు అడితీలూ, రెండు కోతమిల్లులూ తిరిగి, తెలిసినవారిని అడిగి గ్రహించిన సంగతులు నలుగురికీ వుపయోగపడతాయని ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట తినేది కొలత

రంపం కంటె ముందు కొలత సంగతి తెలుసుకోవాలి. మన దేశంలో కలప దుంగను కొలిచే ఆచారం ఏమిటంటే, దుంగ నడిమికి టేపు చుట్టి, వచ్చిన చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దానిని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. దీనిని హోపస్ కొలత అంటారు. ఎడ్వర్డ్ హోపస్ అనే ఇంగ్లీషువాడు 1736లో అచ్చువేసిన పట్టికల పేరు మీద వచ్చింది.

ఒక ఉదాహరణ చూడండి. దుంగ చుట్టుకొలత 3 అడుగులు, పొడవు 10 అడుగులు. నాలుగో వంతు 9 అంగుళాలు, అంటే ముప్పావు అడుగు. ముప్పావును ముప్పావుతో హెచ్చించి, 10 చేత గుణిస్తే 5.625 ఘనపుటడుగులు వస్తుంది. కాని ఎనిమిదో తరగతి పిల్లవాడు వృత్తవైశాల్యం సూత్రంతో చేస్తే అదే దుంగ 7.16 ఘనపుటడుగులు వుంటుంది. అంటే నూటికి 21.5 పాళ్ళు కొలతలోనే మాయమయ్యాయి. ఇంకా రంపం ముట్టుకోనేలేదు!

ఇది మోసమని అనడానికి వీల్లేదు. గుండ్రని దుంగను పలకలుగా కోసేటప్పుడు అంచులు ఎలాగూ పోతాయి కనుక, ఆ తరుగు ముందే తీసివేసే పద్ధతి ఇది. అందరూ ఇదే కొలత మీద ధర చెప్పుకుంటే ఎవరికీ నష్టం లేదు. చిక్కు ఎక్కడంటే, రైతు ఈ కొలత తెలియకుండా గుత్తకు ఇచ్చినప్పుడు. తోటలో నిలబడి చెట్టును కళ్ళతో కొలిచే విద్య వర్తకుడికి వున్నది, రైతుకు లేదు. కనుక బేరానికి ముందు చేయవలసిన పని ఒకటే. ఒక టేపు, ఒక నోటు పుస్తకం తీసుకుని, చెట్టు చెట్టుకూ రొమ్ము ఎత్తున చుట్టుకొలత వ్రాసుకోవాలి. మా వదిన, నేనూ కలిసి 42 చెట్లూ ఒక పూటలో కొలిచాం. 3 అడుగులు దాటినవి 11 తేలాయి. మిగిలినవి అంతకు లోపు.

నాలుగు రకాల రంపాలు

ఇక కోత సంగతి. చిన్న రైతుకు దొరకగల పద్ధతులు నాలుగు.

మొదటిది మన తాతలనాటి గోతి రంపం. గొయ్యి తవ్వి, దాని మీద అడ్డంగా దుంగ పరచి, మసిలో ముంచిన దారంతో గీతలు కొట్టి, పొడుగాటి రంపాన్ని పైన ఒకరు, గోతిలో ఒకరు పట్టుకుని నిలువునా కోసేవారు. పైవాడు గీత చూస్తాడు. కిందివాడు పొట్టు తింటాడు. మన పాత మండువా ఇళ్ళ దూలాలూ, వాసాలూ ఎన్నో ఇలా కోసినవే. ఈ పద్ధతిలో రంపం చీలిక నాలుగు మిల్లీమీటర్లకు అటూ ఇటూ వుంటుంది. యంత్రం లేదు, నూనె ఖర్చు లేదు, దుంగను ఎక్కడికీ మోయనక్కరలేదు. కాని ఇద్దరు మనుష్యులు రోజంతా ఒళ్ళు హూనం చేసుకుంటే ఒకటి రెండు దుంగలు తెగుతాయి. పలక మందం ఒకచోట ఉన్నట్టు ఇంకొకచోట వుండదు. పైగా ఆ పనివాళ్ళు ఇప్పుడు దాదాపు లేరు. మా అన్నయ్య వూళ్ళో రంపం లాగిన చివరి మనిషికి ఇప్పుడు ఎనభై దాటాయి. "బాబూ, ఆ పని పోయిందంటే నాకు విచారం లేదు" అన్నాడాయన, భుజం తడుముకుంటూ.

రెండవది గొలుసు రంపం. పల్లెల్లో అందరూ మిషన్ రంపం అంటారు. చెట్టు పడగొట్టడానికి వచ్చే మనిషి చేతిలో వుండేది ఇదే. దానికి ఒక ఇనుప చట్రం బిగించి, దుంగ మీద తిన్నని పలక పరచి దాని ఆధారంతో నడిపిస్తే, పొలంలోనే పలకలు కోయవచ్చును. యంత్రాలన్నిటిలోకీ చవకైనది. ఒక మనిషి భుజాన వేసుకుని ఏ గట్టు మీదికైనా తీసుకుపోగలడు. కాని చీలిక వెడల్పు 9 మిల్లీమీటర్ల దాకా వుంటుంది. ఇంకొక సంగతి. చెట్టును అడ్డంగా కోయడం వేరు, దుంగను నిలువునా చీల్చడం వేరు. అడ్డకోతకు గొలుసు పళ్ళను 30 డిగ్రీల ఏటవాలుగా అరగదీస్తారు. నిలువుకోతకు 10 డిగ్రీలు చాలు. ఈ తేడా తెలియని వాడు అడ్డకోత గొలుసుతోనే నిలువునా కోయబోతే మిషను వేడెక్కుతుంది, చెక్క గరుకు తేలుతుంది, మనిషి అలసిపోతాడు. అలసినవాడి చేతిలో గొలుసు రంపం ఎగిరి తన్నితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

మూడవది పట్నంలోని కోతమిల్లు. రెండు పెద్ద చక్రాల మీద ఉక్కుపట్టీ రంపం గిర్రున తిరుగుతూ వుంటుంది. పట్టాల మీద దుంగను ట్రాలీ మీద పెట్టి ముందుకు తోస్తారు. చీలిక 3 మిల్లీమీటర్ల ప్రాంతం. పలక మందం సమానంగా వస్తుంది, కోత కూలి ఘనపుటడుగు లెక్కన తీసుకుంటారు. మనకు బాగా అలవాటైన పద్ధతి. ఇందులో ఖర్చంతా దారిలో వున్నది. పచ్చి దుంగ బరువులో సగం నీరు, పొట్టు, అంచులు. వాటన్నిటికీ లారీ కిరాయి ఇచ్చి పట్నం చేర్చాలి. ఇంకొక గండం మేకులు. గట్టు మీది చెట్టు కదా, ఎప్పుడో కంచె తీగె బిగించడానికి కొట్టిన మేకును చెట్టు లోపలికి మింగేసి వుంటుంది. రంపం దానికి తగిలితే పట్టీ పాడవుతుంది. ఆ ఖర్చు రైతు నెత్తిన వేస్తారు. అందుకని కంచెకు ఆనుకున్న చెట్లను ముందే గుర్తు పెట్టుకుని, అడుగు భాగం కోసి పక్కన పెట్టడం మంచిది.

నాలుగవది మిల్లే రైతు దగ్గరికి నడిచి రావడం. ఇది మన పల్లెల్లో నేను చూడలేదు. నా పాత శిష్యుడొకడు న్యూజిలాండులో స్థిరపడ్డాడు. వాడి పొరుగు రైతు తన తోటలోనే పైను దుంగలు కోసుకుంటూ వుంటే తీసిన బొమ్మలు ఫోనులో పంపించాడు. ఆ దేశంలో రేడియేటా పైను చెట్లు 25, 30 ఏళ్ళకు కోతకు వస్తాయి. చిన్న తోటలవాళ్ళు ఎందరో వున్నారు కనుక, వాళ్ళకు తగిన మిల్లులు పుట్టాయి. వీటిలో రెండు జాతులు. ఒకటి సన్నని పట్టీ రంపం. అమెరికాలో ఉడ్‌మైజర్ అనే కంపెనీ 1982 నుంచీ చేస్తున్నది. దుంగ కదలకుండా పడుకుంటుంది, రంపం దాని మీదుగా నడుస్తుంది. చీలిక 2 మిల్లీమీటర్లే. రెండవది వాలు చక్రం. ఆస్ట్రేలియాలో లూకాస్, న్యూజిలాండులో పీటర్సన్ అనేవి వీటికి పేరుపడ్డాయి. ఒకే చక్రం ఒకసారి అడ్డంగానూ, ఒకసారి నిలువుగానూ తిరిగి, అంచులు చెక్కనక్కరలేని కర్రను తయారుగా తీసి ఇస్తుంది. విడదీసి ఇద్దరు మోసుకుపోవచ్చును. కదలించలేని లావు మానులకు ఇది దిట్ట. దీని చీలిక 5 మిల్లీమీటర్ల దాకా వుంటుంది.

పొట్టు లెక్క

చీలికలో మిల్లీమీటర్ల తేడాకు ఇంత గొడవ ఎందుకంటారా? పైన చెప్పిన 3 అడుగుల చుట్టుకొలత దుంగనే తీసుకుందాం. అంచులు చెక్కి చదరం చేస్తే సుమారు 8 అంగుళాల చదరపు దూలం వస్తుంది. దానిని అంగుళం పలకలుగా కోస్తే పట్టీ రంపం మీద 7 పలకలు తేలతాయి. గొలుసు రంపంతో 6 మాత్రమే. ఏడింట ఒక పలక పొట్టు కింద పోయిందన్నమాట. దుంగ పెద్దదై 10 పలకలు కోయవలసివస్తే మధ్యలో 9 కోతలు. గొలుసు రంపానికి 81 మిల్లీమీటర్లు, అంటే మూడు పలకల మందం నేలపాలు. మిల్లు రంపానికి 27, అంటే ఒక్క పలక. సన్నని పట్టీకి 18, ఒక పలక కూడ లేదు.

అయితే గొలుసు రంపం పనికిమాలినదా? కాదు. పలకలు కాకుండా ద్వారబంధాల కర్రలూ, దూలాలూ కోసుకునేటప్పుడు దుంగ మొత్తానికి కోతలు రెండో మూడో వుంటాయి. అక్కడ తొమ్మిది మిల్లీమీటర్ల చీలిక పెద్ద నష్టం కాదు. దుంగను పొలంలోనే చదరం చేసుకుంటే లారీ ఖర్చు కూడ తగ్గుతుంది. కనుక ఏ రంపం మంచిది అని అడగడం కంటె, ఏ వస్తువు కావాలి, ఎన్ని చెట్లు, ఎంత లావు అని అడగడం వివేకం. లావు కోతలకు గొలుసు రంపం, పలకలకు పట్టీ రంపం, చెట్లు ఎక్కువై నలుగురు రైతులు కలిస్తే నడిచే మిల్లు.

సన్నచెట్టుకు మాత్రం ఏ రంపమూ మేలు చేయదు. టేకులో విలువంతా చేవలో వున్నది. చేవ చుట్టూ వుండే తెల్లకర్రను పురుగు పడుతుంది. లేత చెట్టు కోస్తే తెల్లకర్రే ఎక్కువ. దానిని కోత కూలి ఇచ్చి పలకలు చేయించడం కంటె, పందిరి గుంజలుగానో వాసాలుగానో అమ్ముకోవడం, లేకపోతే మరో పదేళ్ళు వదిలెయ్యడం నయం. జామాయిల్ పెట్టినవారికి ఇంకొక హెచ్చరిక. ఆ మానులో ఎదుగుదల బిగువు లోపల దాగివుంటుంది. కోయగానే పలక విల్లులా వంగుతుంది, కొసలు పగులుతాయి. ఒక పక్కనుంచే కోసుకుంటూ పోకుండా, అటొకటి ఇటొకటి తిప్పి కోస్తే బిగువు సమానంగా విడుతుంది. పడగొట్టిన చెట్టును ఎండలో వారాల తరబడి వుంచకుండా వెంటనే కోయాలి.

కోసిన తరువాత

పలక కోయడంతో పని అయిపోయిందనుకునేవారు మళ్ళీ మోసపోతారు. పచ్చి పలకకూ ఆరిన పలకకూ ధరలో తేడా వున్నది. ఆరబెట్టడానికి యంత్రం అక్కరలేదు, ఓపిక కావాలి. నేలకు జానెడు ఎత్తున దిమ్మలు పేర్చి, పలకకూ పలకకూ మధ్య ఒకే మందం గల సన్నబద్దలు ఒకదాని మీద ఒకటి సూటిగా వచ్చేటట్లు పెట్టి, పైన బరువు వేసి, ఎండ తగలకుండా, గాలి ఆడేటట్లు వుంచాలి. కొసలకు రంగో మైనమో పూస్తే పగుళ్ళు రావు. అంగుళం పలకకు మన వేడిలో కొన్ని నెలలు పడుతుంది. లావుపాటి కర్రకు అంతకు ఎన్నో రెట్లు. ఆడపిల్ల ఇల్లు గృహప్రవేశం వచ్చే నెలలో పెట్టుకుని ఈ నెలలో చెట్టు కొడితే, తలుపు వర్షాకాలంలో బిగిసి, వేసవిలో సందులిస్తుంది. ఆ తిట్లు వడ్రంగికి తగులుతాయి, తప్పు తొందరది.

చట్టం సంగతి కూడ మరచిపోరాదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం సొంత పొలంలోని చెట్టుకైనా కొట్టేముందు అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపు వున్నది. టేకు దుంగ రోడ్డెక్కాలంటే అటవీ శాఖవారి రవాణా పర్మిట్ కావాలి. కోతమిల్లు పెట్టడానికి లైసెన్సు తప్పనిసరి. అది లేని మిల్లులన్నీ మూయించవలసిందని 2002 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. 2016లో కేంద్రం కొత్త మార్గదర్శకాలిచ్చి ఈ అధికారాన్ని రాష్ట్రస్థాయి సంఘాలకు అప్పగించింది. అడవిని కాపాడడానికి ఇవన్నీ అవసరమే. కనుక నడిచే మిల్లు కొనాలని సరదాపడేవారు డబ్బు కట్టేముందు అటవీ శాఖ రేంజి కార్యాలయం గడప తొక్కి, దానికి ఏ అనుమతులు కావాలో వ్రాతమూలకంగా తెలుసుకోవాలి.

వదిన లెక్క

మా వాళ్ళు చివరకు చేసినది ఇది. గుత్త బేరం వద్దన్నారు. అనుమతి తీసుకుని, 3 అడుగులు దాటిన 11 చెట్లలో ఆరింటిని మాత్రమే కొట్టించారు. ద్వారబంధాలకు కావలసిన రెండు దుంగలను గొలుసు రంపంతో పొలంలోనే చదరం చేయించారు. నాలుగింటిని పర్మిట్ మీద పట్నం మిల్లుకు పంపి పలకలు కోయించారు. ఆ పలకలు, కర్రలూ ఖాళీగా వున్న పాత పొగాకు బారనులో పేర్చి ఏడాది ఆరబెట్టారు. మిల్లులో మిగిలిన అంచుచెక్కలు కూడ వదిన వదిలిపెట్టలేదు. రీపర్లు కోయించి పశువుల పాక కప్పుకు వాడింది. మిగిలిన ఐదు పెద్ద చెట్లనూ ఈసారి కొలత మీద అమ్మారు. ఆ వర్తకుడే కొన్నాడు. టేపు పట్టుకుని నిలబడిన వదినను చూసి, "అమ్మగారు అన్నీ నేర్చేశారే!" అని నవ్వాడట. సన్నచెట్లు 31 గట్ల మీద ఇంకా పెరుగుతూనే వున్నాయి.

లాభం ఎంత అని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే. కోత కూలి, కిరాయి, ఏడాది ఎదురుచూపు అన్నీ వేసుకున్నా, అమ్మాయి ఇంటి తలుపులకు బజారులో పెట్టవలసిన డబ్బు చాలావరకు మిగిలింది. అన్ని ఇళ్ళలోనూ ఇలాగే కలిసివస్తుందని నేను హామీ ఇవ్వను. నీడ లేనివారికి, ఓపిక లేనివారికి, వెంటనే డబ్బు కావలసినవారికి దుంగగా అమ్ముకోవడమే మేలు కావచ్చును. కాని అలా అమ్మేవారు కూడ చుట్టుకొలత తెలిసి అమ్మాలి, కోస్తే ఏమి వస్తుందో తెలిసి అమ్మాలి. అప్పుడు వర్తకుడి ధర న్యాయమైనదో కాదో మనకే తెలుస్తుంది. అతనితో తగువు కూడ వుండదు.

రంపం ఎంత మంచిదైనా కొంత పొట్టు రాలక తప్పదు. అది రంపం ధర్మం. రెండు రూపాయల కాగితం మీద నాలుగు అంకెలు వేసుకోనందువల్ల రాలేది మాత్రం పొట్టు కాదు, ముప్పై ఏళ్ళ కాపలా. గట్టు మీద నాలుగు చెట్లున్న ప్రతి ఇంట్లోనూ, గొడ్డలి కంటె ముందు ఒక టేపు వుండాలి.